ఆరో పేరా

గూడూరు మునసబు కోర్టులో పద్మనాభయ్యకు కాగితం చదివే ప్లీడరని పేరు. ఆయనకంటే గట్టిగా వాదించేవాళ్ళు ఆ కోర్టులో నలుగురైదుగురు ఉండేవాళ్ళు. ఆయన గొంతు చిన్నది, కోపం వస్తే మాట తడబడేది. అయినా ఆయన లేచి నిలబడ్డాడంటే అవతలి ప్లీడరు తన కట్ట విప్పి మళ్ళీ ఒకసారి చూసుకునేవాడు. దస్తావేజు వెనకవైపు స్టాంపు వెండరు వేసిన తేదీ దగ్గర్నుంచి హద్దుల్లో కొట్టేసి దిద్దిన అక్షరం దాకా ఆయన కన్ను తప్పించుకుపోయేది ఏదీ లేదు. చిల్లకూరు పక్క పల్లెలో వరి పండించుకునే వెంకయ్య కొడుకు. ఆ ఇంట్లో నల్లకోటు తొడిగిన మొదటి మనిషి. వచ్చిన ప్రతి క్లయింటుకూ ఆయన చెప్పే మాట ఒకటే ఉండేది. నీ నోట్లో ఎంత నిజమున్నా కోర్టు వినేది కాగితంలో ఉన్నదే. అందులో ఏముందో ముందు నాకు తెలియాలి, తర్వాత నీకు తెలియాలి.

1958లో మొగపాలెం మనుషులు పదకొండుమంది ఆయన వరండాలోకి వచ్చి కూర్చున్నారు. మొగపాలెం బకింగాం కాలవకు తూర్పున, సముద్రపు ఒడ్డున ఉన్న పల్లె. నలభైమూడు గుడిసెలు, అందరూ వేటకు పోయేవాళ్ళే. వాళ్ళు తెప్పలు లాక్కుని వలలు ఆరేసుకునే ఇసకలో ఉప్పుమళ్ళు వేద్దామని చెంగయ్య అనే ఉప్పు కాంట్రాక్టరు కట్టలు పోయించాడు. వీళ్ళు ఆ కట్టలు తెగ్గొట్టారు. పోలీసులు పదకొండుమంది మీదా కేసు పెట్టారు. వాళ్ళలో పెద్దవాడు గంగాధరం, ఆ ఊరి కాపు, అంటే కులపెద్ద. ముప్పై అయిదేళ్ళ వయసు, ఎండకూ ఉప్పుగాలికీ కాగిన ఒళ్ళు, తొందరలేని మాట. మిగతావాళ్ళు ఒకేసారి మాట్లాడబోతే చెయ్యెత్తి ఆపి, జరిగింది జరిగినట్టు, కట్టలు తెగ్గొట్టిన సంగతి కూడా దాచకుండా చెప్పాడు.

పద్మనాభయ్య మూడు వారాలు నెల్లూరులో రికార్డుల గదిలో కూర్చున్నాడు. చెదలు పట్టిన పాత సెటిల్మెంటు రిజిస్టరులో, ఆ తీరం నంబరుకు ఎదురుగా, ఏ కాలపు గుమాస్తానో రాసి వదిలిన ఒక్క ముక్క దొరికింది: వేటగాండ్రు వలలు ఆరవేసుకొను పోరంబోకు. ఆ ముక్క మీద కేసు కొట్టేశారు. చెంగయ్య కూలీలను వెనక్కి పిలిపించుకున్నాడు.

ఆ కేసుతో ఏర్పడిన సంబంధం కేసుతో పోలేదు. గంగాధరం గూడూరు వచ్చినప్పుడల్లా ఆ వరండాలో ఒక గంట కూర్చుని పోయేవాడు. మొదట్లో అయ్యా అనేవాడు; పద్మనాభయ్యే పోరి పోరి అన్నా అనిపించాడు. గంగాధరం భార్య గురవమ్మ తాటాకు బుట్టలో చేపలు పంపేది. పద్మనాభయ్య భార్య ఆదిశేషమ్మ నిమ్మకాయల కాలంలో మార్కెట్టు నుంచి గోతాం నింపించి మొగపాలేనికి పంపేది. ఇద్దరు ఆడవాళ్ళూ అక్కా చెల్లీ అనుకునే దాకా వచ్చింది.

1962లో ఆయన్ను ఎన్నికల్లో నిలబెట్టింది కూడా గంగాధరమే అనాలి. కోర్టులో ఒక ముక్క వెతికి మా ఊరు నిలబెట్టినాడు, అసెంబ్లీకి పోతే ఇట్టాంటివి ఎన్ని వెతకడు అని తీరం పొడుగునా పల్లెపల్లెకూ చెప్పుకుంటూ పోయాడు. ఏ పార్టీ టిక్కెట్టూ లేకుండా పద్మనాభయ్య ఆరువందల పన్నెండు ఓట్ల తేడాతో గెలిచాడు. గుమాస్తా హజరత్తయ్య ఇరవై ఏళ్ళుగా మోస్తున్న ఫైళ్ళన్నీ వేరే ప్లీడర్లకు అప్పజెప్పి, ఆయన వెంట హైదరాబాదు రైలెక్కాడు.

శాసనసభలో ఆయనకు మొదటిసారి పది నిమిషాలిచ్చారు. కాలవ దాటడానికి పడవ లేక పురిటి నొప్పులతో గట్టు మీదే చచ్చిపోయిన ఆడవాళ్ళ సంగతి ఆయన తేదీలతో సహా చదువుతుంటే గంట కొట్టి కూర్చోబెట్టారు. కాఫీ తాగేచోట ఒక పాత సభ్యుడు ఆయన భుజం తట్టి, ఇక్కడ చదవకూడదు సార్, మాట్లాడాలి అన్నాడు.

ఆ ఏడు కార్తీకంలో గాలివాన వచ్చింది. రెండోనాటి మధ్యాహ్నానికి గానీ పద్మనాభయ్య కాలవ దాటలేకపోయాడు. దాటి చూస్తే ఊరు లేదు. గుడిసెల నిట్రాళ్ళు కొన్ని వంగి నిలబడున్నాయి. పందొమ్మిదిమంది పోయారు. వాళ్ళలో గంగాధరం తల్లి మాలకొండమ్మ ఉంది, ఆరేళ్ళ కూతురు చెంచులక్ష్మి ఉంది. గంగాధరం ఏడవడం లేదు. కొట్టుకొచ్చిన వాసాలు ఏరి ఒకచోట పేరుస్తున్నాడు. పద్మనాభయ్య అతని దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నాడు. గంగాధరం రెండో చేతిలో వాసం వదలకుండానే అన్నాడు:

“ఇల్లు గట్టిదైతే బిడ్డ ఉండేది గదన్నా.”

ఆ తర్వాత ఏడాదిన్నర పద్మనాభయ్య ఇంకే పనీ చేశాడని చెప్పలేం. కాలవకు పడమర, సముద్రానికి రెండు మైళ్ళ దూరంలో మెరక మీద సర్కారు బంజరు ఉంది. అక్కడ నలభైమూడు పక్కా ఇళ్ళు. ఇటుక గోడలు, గట్టి పైకప్పు. ఆ ఒక్క ఫైలు వెంట ఆయన నెల్లూరుకూ హైదరాబాదుకూ ఎన్నిసార్లు తిరిగాడో హజరత్తయ్యకు కూడా లెక్క తప్పింది. మంత్రుల గదుల ముందు బల్లల మీద కూర్చున్నాడు. ఇష్టం లేని మనుషుల పెళ్ళిళ్ళకు పోయాడు. ఒకసారి తనకు నచ్చని బిల్లుకు చెయ్యి కూడా ఎత్తాడు.

1964 మార్చి ఆఖరి వారంలో మంజూరు వచ్చింది. ముప్పై ఒకటో తేదీలోగా గ్రామస్థుల ఒప్పుదల కాగితం చేరకపోతే ఆ మంజూరు మురిగిపోతుంది. శాఖ అధికారి టైపు చేయించిన కాగితం ఆయన ముందు పెట్టాడు. ఇంగ్లీషులో ఆరు పేరాలు. మొదటి అయిదూ ఇళ్ళ గురించి. ఆరోది రెండు వరుసలు. పాత నివాసస్థలమూ, దాని ఎదుటి తీరమూ ఇకమీదట గ్రామస్థులకు అవసరం లేదనీ, వాటిని ప్రభుత్వానికి వదులుకుంటున్నారనీ.

పద్మనాభయ్య ఆ రెండు వరుసలూ రెండుసార్లు చదివాడు. నివాసస్థలం సరే, తీరం ఎందుకు అని అడిగాడు. కాలనీలన్నిటికీ ఇదే నమూనా అన్నాడు అధికారి. మార్చాలంటే ఫైలు మళ్ళీ పైకి పోవాలి, ఈ ఏడాదికి ఇళ్ళు ఉండవు, వచ్చే ఏడాది సంగతి నేను చెప్పలేను, మీరే ఆలోచించుకోండి అన్నాడు. అతను చెడ్డవాడేమీ కాదు. కుర్చీ జరిపి, తన ఫ్లాస్కులో కాఫీ కూడా పోసిచ్చాడు.

పద్మనాభయ్య ఆలోచించుకున్నాడు. వచ్చే కార్తీకం తలచుకున్నాడు. వాసాలు ఏరుతున్న గంగాధరాన్ని తలచుకున్నాడు. ముందు ఇళ్ళు లేవనిద్దామనీ, తర్వాత తాను శాసనసభ్యుడే కదా, తీరం మాట వేరే ఉత్తరంతో సరిచేయించవచ్చనీ అనుకున్నాడు. క్లయింటు ఎవరైనా ఈ మాట అని ఉంటే ఆయనే తిట్టి పంపేవాడు.

మర్నాడు మొగపాలెంలో, ఇసకలో చాప వేసి, కాగితం చదివి వినిపించాడు. ఒక్కో పేరా చదువుతూ తెలుగులో చెప్పుకుంటూ వచ్చాడు. అయిదో పేరా అయ్యాక కాగితం మడిచాడు. “ఇంతే. ఇది ఇళ్ళ కాగితం,” అన్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన చదివాక అడిగేదేముంటుంది? ముందుగా గంగాధరం వచ్చి వేలు చాచాడు. ఆ వేలు పట్టుకుని సిరా దిండుకు అద్ది కాగితం మీద ఆనించింది పద్మనాభయ్యే. తన తండ్రి వెంకయ్య కూడా వేలిముద్ర మనిషే. నలభైమూడు ముద్రలు పడ్డాయి. కింద ‘చదివి వినిపించి, అర్థమయ్యేట్లు చెప్పితిని’ అని రాసి సంతకం చేశాడు.

వానలు మొదలయ్యేలోపే ఇళ్ళు లేచాయి. గృహప్రవేశం నాడు గురవమ్మ తలుపు గడియ వేసీ తీసీ, వేసీ తీసీ చూసుకుంది. పుట్టిన తర్వాత గడియ ఉన్న తలుపు ఆమెకు అదే మొదలు. కాలనీకి పద్మనాభపురం అని పేరు పెట్టుకున్నారు. ఆయన వద్దంటే వినలేదు. ఆ ఏడాది మళ్ళీ గాలివాన వస్తే ఒక్క ప్రాణం పోలేదు. ఆ వార్త విన్న రోజున పద్మనాభయ్య తన సంతకం తప్పు కాదనుకున్నాడు. తీరం మాట సరిచేయించే ఉత్తరం రాద్దామనుకుంటూనే ఉన్నాడు. రాస్తే ఎందుకు రాశావని ఎవరైనా అడుగుతారు. అడిగితే చెప్పాలి. ఒక సమావేశం తర్వాత ఇంకో సమావేశం వచ్చింది, ఉత్తరం రాయలేదు.

1966 వేసవిలో గంగాధరం హైదరాబాదు వచ్చాడు. జీవితంలో అంత దూరం రావడం అదే మొదటిసారి. తీరంలో చెంగయ్య మళ్ళీ కట్టలు పోస్తున్నాడని చెప్పాడు. ఈసారి సర్కారు కౌలు పట్టా పట్టుకొచ్చాడట. మొగపాలెం ఖాళీ అయింది కదా, మీకిక తీరంతో పనేముందని అడుగుతున్నాడట. “ఇల్లు అక్కడ కట్టుకుంటే ఏంది, చేప ఇక్కడ గదన్నా ఉండేది,” అన్నాడు గంగాధరం. ఏదో పొరబాటు జరిగిందనీ, అన్న చూసుకుంటాడనీ అతని నమ్మకం.

పద్మనాభయ్య సభలో ప్రశ్న వేశాడు. జవాబు రావలసిన రోజు పొద్దున మంత్రి ఆయన్ను తన గదికి పిలిచి, ఆరు పేరాల కాగితం బల్ల మీద పెట్టాడు. పద్మనాభయ్య తన సంతకం చూసుకున్నాడు. మంత్రి మర్యాదస్తుడు, ఇది సభలో చదవడం నాకూ ఇష్టం లేదండీ అన్నాడు. పద్మనాభయ్య ప్రశ్న వెనక్కి తీసుకున్నాడు. గంగాధరంతో ప్రయత్నం చేస్తున్నానని చెప్పి రైలెక్కించాడు.

1967 ఎన్నికల్లో ఆయన నాలుగువేల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. మాగాణి పల్లెల రైతులు తమకేమీ చేయలేదని కోపంగా ఉన్నారు, అందులో అబద్ధం లేదు. ఒక్క పద్మనాభపురం బూతులో మాత్రం నూటనలభై ఎనిమిది ఓట్లు పోలైతే నూటనలభై అయిదు ఆయనకే పడ్డాయి. వేటకు దారి మూసుకుపోయిన మనుషులు, తీరం చుట్టూ తిరిగి నాలుగు మైళ్ళు వలలు మోసే మనుషులు వేసిన ఓట్లవి. ఆ అంకె విన్నప్పుడు పద్మనాభయ్య ఓడిపోయిన సంగతి మరిచిపోయి లోపలి గదిలోకి పోయి కూర్చున్నాడు.

వారం తిరక్కుండా గంగాధరం వచ్చాడు.

“నువ్వు ఓడిపోయినావని అందరూ బాధపడతా ఉండారు. నాకైతే అట్టా లేదన్నా. అయిదేండ్లు నిన్ను హైద్రాబాదోళ్ళకి ఇచ్చినాం. ఇప్పుడు మళ్ళా మా ప్లీడరువైనావు. చెంగయ్య మీద దావా వెయ్యి.”

పద్మనాభయ్య ఆ దావా తాను వేయకూడదని, నెల్లూరు నుంచి సమాధానం అనే ప్లీడరును మాట్లాడాడు. ముప్పై దాటని వాడు, చురుకైనవాడు. అవతలివాళ్ళు కోర్టులో ఏ కాగితం దాఖలు చేస్తారో పద్మనాభయ్యకు తెలుసు. చేశారు. ఆ కుర్రప్లీడరు ఆరు పేరాల కాగితం నకలు పుచ్చుకుని కోర్టు నుంచి నేరుగా పద్మనాభయ్య ఇంటికి వచ్చాడు. ఆ మధ్యాహ్నం అతనికి పద్మనాభయ్య జరిగిందంతా చెప్పాడు. నోరు తెరిచి ఒక మనిషికి చెప్పడం అదే మొదలు.

సమాధానం కాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత పని చూశాడు. మీరు సాక్ష్యం చెప్పాలి సార్, తప్పదు అన్నాడు. అయితే చదివి దాచానని చెప్పొద్దు. అధికారి తొందరపెడితే చదవకుండా సంతకం చేశానని చెప్పండి. మీకే తెలియనిది వాళ్ళకు మీరు ఎలా చెప్పగలరు? కోర్టు నమ్ముతుంది, వాళ్ళ తీరం వాళ్ళకొస్తుంది, మీ పేరూ నిలబడుతుంది.

“అది నిజం కాదు గదా.”

“నిజంతో నాకు పనిలేదు సార్. మునసబుగారు నమ్మేది కావాలి.”

ఆ మాట తాను ఎంతమంది సాక్షులతో అన్నాడో పద్మనాభయ్యకు జ్ఞాపకమే. అయినా ఒప్పుకోలేదు. తనకు నష్టం తెచ్చే మాట చెప్పే సాక్షిని కోర్టు నమ్ముతుందన్నది ఆయన పాతికేళ్ళ అనుభవం. అది కాక, ఆ కాగితాన్ని చదవలేదని చెప్పడానికి ఆయనకు నోరు రాదు. కాగితం చదివే ప్లీడరన్న ఆ పేరొక్కటే ఆయనకు మిగిలింది. దాన్ని కాపాడుకోవాలనో, పోగొట్టుకోవాలనో ఆయనకే స్పష్టంగా తెలియలేదు.

ఆదిశేషమ్మకు కూడా ఆ రోజే చెప్పాడు. ఆమె వంటింటి గడప మీద కూర్చుని అంతా విన్నది. కోప్పడలేదు. చివరికి ఒకే మాట అన్నది:

“కోర్టులో చెప్పేదానికి ముందు ఆయనతో చెప్పండి. జడ్జీ నోటినుంచో ప్లీడర్ల నోటినుంచో తెలిస్తే తట్టుకోలేడు.”

మర్నాడే పద్మనాభయ్య కాలనీకి పోయాడు. చెప్పాలనే పోయాడు. గంగాధరం ఎదురొచ్చి చెప్పులు విడవనీయకుండానే లోపలికి తీసుకుపోయాడు. గురవమ్మ చేపల పులుసు వండింది. పొద్దున వలలో పడినవి నాలుగే చేపలు, నాలుగూ ఆయన విస్తట్లోకే వచ్చాయి. అన్నకు ముల్లు తగలకుండా చూడమని గంగాధరం రెండుసార్లు చెప్పాడు. తిన్నాక ఊళ్ళోవాళ్ళు గుమిగూడి, ఈసారి కూడా ఏదో ఒక ముక్క దొరకబుచ్చుకునే ఉంటాడని నవ్వుకున్నారు. పద్మనాభయ్య వాళ్ళ మధ్య సాయంత్రం దాకా కూర్చున్నాడు. బస్సు రోడ్డుదాకా గంగాధరం సాగనంపడానికి వచ్చాడు. ఇద్దరే ఉన్నారు. బస్సు రావడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా వాళ్ళు రొయ్యల కాలం గురించి మాట్లాడుకున్నారు.

సాక్ష్యం నాడు కోర్టు హాలు నిండిపోయింది. పద్మనాభపురం నుంచి ఇరవైమంది వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. పద్మనాభయ్య నల్లకోటు తొడగలేదు, తెల్ల లాల్చీతో బోనెక్కి ప్రమాణం చేశాడు. తానెప్పుడూ కింద నుంచే చూసిన ఆ బోనులో అడుగుచెక్క ఒకవైపుకు వాలి ఉందని అప్పుడే తెలిసింది.

చెప్పాడు. ఆరో పేరా తాను రెండుసార్లు చదివాననీ, అర్థం తెలుసుననీ, గ్రామస్థులకు కావాలనే చదివి వినిపించలేదనీ, చదివి వినిపించానని కింద తన చేత్తో రాసింది అబద్ధమనీ. గొంతు చిన్నదే అయినా ఆ రోజు తడబడలేదు. ఎందుకు దాచారని నెల్లూరు ప్లీడరు అడిగితే, చెబితే వాళ్ళు వేలు వేయరేమోనని భయపడ్డానన్నాడు. వెనక గోడ వైపు ఆయన చూడలేదు.

అవతలి ప్లీడరు లేచాడు. పాతిక ఏళ్ళ స్నేహితుడే. కాలనీకి మీ పేరే కదా పెట్టారు అన్నాడు. అవునన్నాడు. కిందటి ఎన్నికల్లో ఆ బూతులో మీకు ఎన్ని ఓట్లు వచ్చాయన్నాడు. చెప్పాడు. వచ్చే ఎన్నికల్లో నిలబడే ఉద్దేశం ఉందా అన్నాడు. లేదన్నాడు. అవతలి ప్లీడరు చిన్నగా నవ్వి, అంతకుమించి అడిగేదేమీ లేదని కూర్చున్నాడు.

బయట వరండాలో గంగాధరం స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. మిగతావాళ్ళు కాస్త దూరంగా ఉన్నారు. పద్మనాభయ్య అతని ముందుకు పోయి నిలబడ్డాడు.

“కోర్టు కోసరం చెప్పినావా? నిజంగానే తెలుసునా?”

“తెలుసు.”

“నా వేలు పట్టుకున్నప్పుడు తెలుసునా?”

“తెలుసు గంగాధరం.”

గంగాధరం తల ఊపాడు. భుజాన ఉన్న తువ్వాలు తీసి, దులిపి, మళ్ళీ వేసుకున్నాడు. బస్సుకు టయిమైంది, వస్తానయ్యా అన్నాడు. అన్నా అనలేదు. తొమ్మిదేళ్ళ తర్వాత అయ్యా అన్నాడు. అందులో ఎత్తిపొడుపు కూడా లేదు. బజార్లో తెలియని పెద్దమనిషికి దారి ఇస్తూ అనే అయ్యా అది. ఇరవైమందీ అతని వెంట మెట్లు దిగిపోయారు.

తీర్పు నెలరోజులకు వచ్చింది. దావా కొట్టేశారు. మునసబుగారు పద్మనాభయ్య సాక్ష్యానికి ఒక పేజీ కేటాయించారు. ఈ సాక్షి పాతికేళ్ళ అనుభవం, మచ్చలేని నడవడి ఉన్న ప్లీడరు, మాజీ శాసనసభ్యుడు. ఇలాంటి మనిషి చదువురాని క్లయింట్ల దగ్గర ఒక ముఖ్యమైన షరతును దాచి, తప్పుడు ధ్రువీకరణ రాశాడంటే నమ్మశక్యం కాదు. తనను అభిమానించే జనానికి మేలు చేయాలన్న తాపత్రయంతో లేని నేరాన్ని నెత్తిన వేసుకుంటున్నాడని ఈ కోర్టు భావిస్తున్నది. కాబట్టి గ్రామస్థులు తెలిసే ఒప్పుకున్నారని నిర్ణయించడమైనది.

పద్మనాభయ్య ఆ పేజీని ఎన్నిసార్లు చదివాడో. ఆయన జన్మలో బోనెక్కి చెప్పింది ఒక్క నిజం. దాన్ని నమ్మకపోవడానికి కోర్టు చూపిన కారణం ఆయన మంచితనం.

బార్‌లో స్నేహితులు ఆయన చుట్టూ చేరారు. వాళ్ళకోసం పరువు కూడా పణం పెట్టారు, ఈ రోజుల్లో ఎవరు చేస్తారు సార్ అని ఒకాయన చెయ్యి పట్టుకున్నాడు. నేను చెప్పింది నిజమయ్యా అన్నాడు పద్మనాభయ్య. అందరూ నవ్వారు. మా దగ్గర కూడానా అన్నారు. ఆ తర్వాత ఆయన బార్‌కు పోవడం తగ్గించాడు. పోయిన చోటల్లా ఆయన్ను పొగిడేవాళ్ళు. హజరత్తయ్య కూడా నమ్మలేదు. దేవుడిలాంటి మనిషి వాళ్ళకోసం లేని నింద నెత్తిన వేసుకున్నాడని అందరితో చెప్పుకుని తిరిగాడు. ఊరంతటిలో ఆయన మాట నమ్మినవాళ్ళు ఆదిశేషమ్మా, పద్మనాభపురం మనుషులూ.

అప్పీలు వేయవచ్చని సమాధానం రెండు ఉత్తరాలు రాశాడు. వకాలతు మీద గంగాధరం వేలిముద్ర కావాలి. అతను రాలేదు. తీరం పొడుగునా ఉప్పుమళ్ళు పరుచుకున్నాయి. వేటకు పోవాలంటే ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర ఇసక మేట మీదుగా తెప్ప తోయాలి. అక్కడ అల విరిగే తీరు ప్రమాదం. ఒక ఏడాదిలో రెండు తెప్పలు విరిగాయి, ఒక మనిషి నడుం పోయింది. ఒక్కో సంసారం కదలడం మొదలుపెట్టింది. కొందరు పులికాట్ వైపు పోయారు, కొందరు మద్రాసుకు. నలభైమూడు ఇళ్ళలో పదిహేడు మిగిలాయి. మిగతావాటి గోడలు గట్టిగానే ఉన్నాయి. వానలో అవి చెక్కు చెదరలేదు.

1969 మాఘంలో, గంగాధరం కూడా వెళ్ళిపోయాడనీ జువ్వలదిన్నెలో గురవమ్మ పుట్టింటివాళ్ళ దగ్గర ఉన్నాడనీ తెలిసి పద్మనాభయ్య బయల్దేరాడు. కావలి దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు, తర్వాత నడక. ఆదిశేషమ్మ తానూ వస్తానన్నది. వద్దన్నాడు.

జువ్వలదిన్నె ఒడ్డున ఒక తాటాకు గుడిసె ముందు గంగాధరం వల అల్లుతూ కనిపించాడు. నలభై అయిదేళ్ళకే జుట్టు బాగా నెరిసింది. లేచి నిలబడ్డాడు. కూర్చోమని పీట వేశాడు. గురవమ్మ చెంబుతో నీళ్ళిచ్చి, అక్క బాగుందా అని అడిగింది. పద్మనాభయ్య దారంతా కూర్చుకున్న మాటలు చెప్పాడు. అప్పీలుకు గడువు దాటినా మన్నించమని అడగొచ్చనీ, హైకోర్టు దాకా తాను చూసుకుంటాననీ. గంగాధరం వింటూ అల్లుతున్నాడు. జవాబు చెప్పింది గురవమ్మ.

“ఆ పొద్దు ఆ మాట చదివుంటే మేం ఇండ్లు వద్దనేవాళ్ళం కాదన్నా. తీసుకునేవాళ్ళమే. బిడ్డ పోయిన ఇల్లు గదా మాది. ఒడ్డు మాదిగానే ఉండాలని ఒక్క ముక్క రాయించన్నా అని అడిగుండేవాళ్ళం. నువ్వు రాయించుండేవాడివి. అడగనియ్యకపోతివి.”

పద్మనాభయ్య ఆ మాట మళ్ళీ మనసులో అనుకున్నాడు. నిజమే. ఆ రోజు నమూనా మార్చకుండానే కలంతో పక్కన ఒక్క వరుస, తీరం తప్ప మిగతావాటికి ఒప్పుకుంటున్నాం అని రాసి ఉంటే సరిపోయేదేమో. ఆ అధికారి కాదనేవాడో ఔననేవాడో, అడిగి చూడలేదు. ఇన్నేళ్ళలో ఈ ఉపాయం ఆయనకు తట్టలేదు. చదువురాని మనిషికి తట్టింది.

“నన్ను తిట్టు గంగాధరం,” అన్నాడు. “ఒక మాటన్నా తిట్టు.”

గంగాధరం అల్లడం ఆపాడు. “తిట్టేదానికేముందయ్యా. నా కూతురికోసరం చేసినావని నాకు తెలుసు. అందుకే నోరు రాదు. నువ్వు చెడ్డోడివైతే నాకు సులువుగా ఉండేది.” వల ముడి ఒకటి బిగించి అన్నాడు: “ఇంక రాబాకయ్యా. నిన్ను చూస్తే ఆ పొద్దుటి గాలివానా గుర్తొస్తాది, ఈ కాగితమూ గుర్తొస్తాది. రెండూ ఒకేసారి మొయ్యలేకపోతా ఉండా.”

అంతలో ఒడ్డు మీద నుంచి ఎవరో కేక వేశారు. పడవ యజమాని ముత్యాలయ్య. నీళ్ళు ఎక్కుతున్నాయి, మనుషులు రావాలి. నలభైమూడు గడపలకు కాపుగా ఉన్న మనిషి, ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవని మనిషి, “ఒరే గంగాధరా” అన్న ఆ పిలుపుకు వల కింద పెట్టి పరుగులాంటి నడకతో పోయాడు. మిగతా కూలీలతో కలిసి పడవకు భుజం ఆనించాడు. పడవ రెండు అలలు దాటి, మూడో అల మీద ఎగిరి, అవతల పడింది.

పద్మనాభయ్య అది కనిపించినంతసేపూ కూర్చున్నాడు. కనిపించకుండా పోయాక కూడా కూర్చున్నాడు. గురవమ్మ గుడిసె తడికకు ఆనుకుని నిలబడే ఉంది. చేతిలో చేపల బుట్ట ఉంది. ఆమె తడిక మూసి పనిలోకి పోవాలనీ, తాను లేచేదాకా కదలడానికి వీల్లేదనీ ఆయనకు కాస్త ఆలస్యంగా తెలిసింది. లేచి, పీట గోడవారగా పెట్టి, బస్సు రోడ్డు వైపు నడిచాడు.